నల్లకోటు ఫీజు రూ.750కి దిగింది.. సీమ జూనియర్ లాయర్ల అసలు కష్టం ఆ తర్వాతే!

కర్నూలు, కడప: లా పరీక్షలన్నీ పాసయ్యారు. డిగ్రీ చేతికొచ్చింది. మరి రేపట్నుంచి కోర్టులో వాదించొచ్చా? కుదరదు. బార్ కౌన్సిల్ జాబితాలో పేరెక్కాలి, ఆ తర్వాత ఇంకో పరీక్ష పాసవ్వాలి. ఇవన్నీ దాటి నల్లకోటు వేసుకున్నా, సొంతంగా నాలుగు కేసులు వచ్చేదాకా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవాల్సిందే. ఆదోని వైపు నుంచో, రాయచోటి వైపు నుంచో వచ్చిన రైతుకూలీ కుటుంబపు బిడ్డకు అది చిన్న మాట కాదు. సుగ్గికి గుంటూరు వైపు వలసపోయి తెచ్చుకున్న మిరపకోత కూలీ డబ్బులతో కొడుకుని లా చదివించిన ఇళ్లు పశ్చిమ మండలాల్లో కొత్తేం కాదు.

ఈ రెండేళ్లలో సుప్రీంకోర్టు ఇచ్చిన రెండు తీర్పులు ఈ కుటుంబాల లెక్కను మార్చేశాయి. ఒకటి లాయరు వృత్తిలోకి వచ్చే తలుపు దగ్గర ఖర్చు తగ్గించింది. రెండోది జడ్జి కుర్చీకి వెళ్లే దారిలో మూడేళ్లు పెంచింది. రెండూ కలిపి చూస్తేగానీ సీమ జూనియర్ల పరిస్థితి అర్థం కాదు.

పేరెక్కాలంటే ఏం కావాలి?

దేశంలో లాయర్లందరికీ ఒకటే చట్టం. అదే 1961 నాటి అడ్వొకేట్స్ యాక్ట్. అంతకుముందు బారిస్టర్లు వేరు, వకీళ్లు వేరు, ప్లీడర్లు వేరు. ఎవరు ఏ కోర్టులో నిలబడొచ్చో దేనికదే లెక్క. ఆ తేడాలన్నీ తీసేసి అందరినీ ‘అడ్వొకేట్’ అనే ఒక్క పేరు కిందకు తెచ్చింది ఈ చట్టమే. మాటల్లో మాత్రం పాతది పోలేదు. కడప పల్లెల్లో ఇప్పటికీ ‘ప్లీడరు సారు’ అనే పిలుస్తారు.

చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం భారత పౌరులై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన లా డిగ్రీ ఉండాలి. ఇంటర్ తర్వాతైతే ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్ల కోర్సు. రాష్ట్రంలో రెండింటికీ లాసెట్ రాయాలి. 120 మార్కుల పేపర్‌లో 42 వస్తే అర్హత సాధించినట్టే. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల షరతు లేదు. కర్నూలులో ప్రసూన లా కాలేజీ, కడపలో బసవ రామతారకం మెమోరియల్ లా కాలేజీ, పక్కనే అనంతపురంలో శ్రీ విజయనగర్ లా కాలేజీ.. సీమలో చాలామందికి చదువు ఇక్కడే మొదలవుతుంది.

మూడేళ్ల కోర్సులో చేరేవాళ్లలో టీచర్లు, గుమాస్తాలు, ఇతర ఉద్యోగులు కూడా ఉంటారు. వీళ్లు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉన్నవాళ్లు అడ్వొకేట్‌గా ప్రాక్టీస్ చేయడానికి వీల్లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో 49వది అదే చెబుతుంది. ఉద్యోగంలో ఉండగా డిగ్రీ తెచ్చుకోవచ్చు గానీ, కోర్టుకు వెళ్లాలంటే ఉద్యోగం వదులుకోవాలి, లేదా రిటైరయ్యేదాకా ఆగాలి. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్షపడిన వాళ్లకు ఇంకో అడ్డు ఉంది. శిక్ష ముగిసి బయటికొచ్చాక రెండేళ్లు గడిస్తేగానీ పేరు నమోదు చేయరు.

2019 జనవరి 1న అమరావతిలో హైకోర్టు మొదలయ్యేదాకా ఈ పనులన్నింటికీ హైదరాబాద్ వెళ్లేవాళ్లు. కర్నూలు వాళ్లకు అది నాలుగు గంటల ప్రయాణం. ఇప్పుడు అమరావతి. కర్నూలు నుంచి 300 కిలోమీటర్లకు పైనే. దరఖాస్తులో ఒక కాగితం తక్కువైతే ఇంకోసారి బస్సెక్కాలి. ఈ ఖర్చు ఏ ఫీజు పట్టికలోనూ కనపడదు.

రూ.750 ఎలా అయింది?

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు ఎంతో చట్టంలోనే రాసి ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 600, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు 150. కలిపితే 750. ఎస్సీ, ఎస్టీలకైతే 100, 25 కలిపి 125 రూపాయలు. 1993లో చట్టం సవరించినప్పుడు పెట్టిన అంకెలివి. స్టాంప్ డ్యూటీ ఏదైనా ఉంటే అది వేరే.

అయితే ముప్ఫై ఏళ్లుగా ఈ అంకె చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. బిల్డింగ్ ఫండ్ అని, లైబ్రరీ ఫండ్ అని, సంక్షేమ నిధి అని, గుర్తింపు కార్డు అని, వెరిఫికేషన్ అని రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు తలా ఒక పద్దు పెట్టి వసూలు చేశాయి. దేశంలో ఈ మొత్తం ఒక్కోచోట 15 వేల నుంచి 42 వేల దాకా పోయింది. గౌరవ్ కుమార్ కేసులో 2024 జులై 30న చీఫ్ జస్టిస్ డీవై చంద్రచూడ్, జస్టిస్ జేబీ పార్దీవాలా ధర్మాసనం దీన్ని తప్పుపట్టింది. పార్లమెంటు నిర్ణయించిన ఫీజు మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకునే అధికారం బార్ కౌన్సిళ్లకు లేదని తేల్చింది. పేదలను, అణగారిన వర్గాలను వృత్తిలోకి రానీయకుండా చేసే వసూళ్లు సమానత్వ హక్కుకే విరుద్ధమని చెప్పింది. తీర్పు ఆ రోజు నుంచే వర్తిస్తుందని, అప్పటికే కట్టినవాళ్లకు వాపసు ఉండదని కూడా స్పష్టం చేసింది. అంటే 2024 జూన్‌లో పేరు నమోదు చేయించుకున్న కుర్రాడికి, ఆగస్టులో చేయించుకున్న కుర్రాడికి వేలల్లో తేడా!

తీర్పు తర్వాత కొన్నిచోట్ల ‘ఐచ్ఛికం’ అనే పేరుతో మళ్లీ వసూళ్లు మొదలయ్యాయి. కర్ణాటక బార్ కౌన్సిల్‌పై వచ్చిన పిటిషన్‌లో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పేరును కూడా ఒప్పుకోలేదు. ఐచ్ఛికం అనేదేదీ లేదు, చట్టంలో ఉన్నదే తీసుకోవాలని చెప్పింది.

బార్ కౌన్సిళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. 1993 నాటి 600 రూపాయలతో ఇవాళ ఆఫీసు నడపడం కష్టమే. లాయర్ల మీద వచ్చే ఫిర్యాదులను విచారించాల్సింది, దొంగ సర్టిఫికెట్లను పట్టుకోవాల్సింది ఆ కౌన్సిళ్లే. కానీ ఫీజు పెంచాలంటే ఢిల్లీకి వెళ్లి పార్లమెంటును అడగాలి. అది మానేసి, ఇంకా ఒక్క కేసు కూడా పట్టని కుర్రాళ్ల జేబులో చెయ్యి పెట్టడమే తప్పయింది.

డిగ్రీ ఉన్నా ఇంకో పరీక్ష

పేరు నమోదైతే వచ్చేది తాత్కాలిక ప్రాక్టీసే. రెండేళ్లలోపు ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ పాసై, ప్రాక్టీస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. 2011 మార్చిలో మొదటిసారి ఈ పరీక్ష పెట్టారు. 100 ప్రశ్నలు. జనరల్, బీసీలకు 45 మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 40 వస్తే పాస్. తప్పు జవాబుకు మార్కులు కోయరు. వ్యాఖ్యానాలు, నోట్స్ లేని చట్టం పుస్తకాలు చూసి రాయొచ్చు. తెలుగులోనూ రాయొచ్చు. ఫీజు మాత్రం జనరల్‌కు 3,500, ఎస్సీ, ఎస్టీలకు 2,500. ఎన్‌రోల్‌మెంట్ కంటే పరీక్ష ఫీజే నాలుగు రెట్లు ఎక్కువన్నమాట. 125 రూపాయలతో పేరు నమోదు చేయించుకున్న ఎస్సీ అభ్యర్థికైతే ఏకంగా 20 రెట్లు.

డిగ్రీ ఇచ్చాక మళ్లీ పరీక్షేంటి అనే వాదన చాన్నాళ్లు నడిచింది. 1999లో సుధీర్ కేసులో బార్ కౌన్సిల్ పెట్టిన శిక్షణ నిబంధనలనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ధైర్యంతోనే ఈ పరీక్షను కూడా సవాలు చేశారు. చివరికి 2023 ఫిబ్రవరి 10న ఐదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని తేల్చడంతో ఆ గొడవ ముగిసింది. 2024 నుంచి చివరి సంవత్సరం విద్యార్థులకు కూడా రాసే వీలొచ్చింది. దీనివల్ల డిగ్రీ తర్వాత నెలల తరబడి ఎదురుచూపు తప్పింది.

చట్టం పుస్తకం ఎదురుగా పెట్టుకుని రాసే పరీక్షలో పాసైనంత మాత్రాన దావా ముసాయిదా రాయడం రాదు. సాక్షిని ఎలా అడగాలో తెలీదు. ఆ పని నేర్పేది సీనియర్ ఆఫీసే. అందుకే లాయర్లలో ‘ఫలానా సారు ఆఫీసులో పనిచేశా’ అనే మాటకు డిగ్రీ కంటే ఎక్కువ విలువ.

ఆ మూడేళ్లు ఎలా బతకాలి?

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు.. ఏ కోర్టుకెళ్లినా జూనియర్ల దినచర్య దాదాపు ఒకటే. పొద్దున ఆఫీసుకెళ్లి ఫైళ్లు సర్దుకోవాలి, కోర్టులో వాయిదా తీసుకోవాలి, కాపీ అప్లికేషన్ వేయాలి, సాయంత్రం మళ్లీ ఆఫీసు. దీనికి జీతం అనే మాట లేదు. సీనియర్ చేతిలో పెట్టేదే. కొందరు బాగానే ఇస్తారు. కొందరు బస్సు ఛార్జీలకు ఇస్తారు. నేర్పిస్తున్నాం కదా, డబ్బులెందుకు అనుకునేవాళ్లూ ఉన్నారు.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ ఇచ్చింది. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు తక్కువ కాకుండా ఇవ్వాలని అందులో ఉంది. అయితే అది సూచన మాత్రమే, ఇవ్వకపోతే ఏ చర్యా లేదు. పైగా తాలూకా కోర్టులో సివిల్ దావాలు చూసుకునే సీనియర్‌కే నెలకు ఎంత మిగులుతుంది? వానల్లేని ఏడాది సీమలో కక్షిదారు ఫీజు కూడా పంట మీదే వాయిదా పడుతుంది. ఢిల్లీ లెక్కలు పత్తికొండకు సరిపోవు.

ప్రభుత్వం వైపు నుంచి రాష్ట్రంలో ఒక ప్రయత్నం జరిగింది. 2019 డిసెంబరు 3న అప్పటి సీఎం వైఎస్ జగన్ ‘వైఎస్సార్ లా నేస్తం’ ప్రారంభించారు. కొత్త లాయర్లకు మూడేళ్లపాటు నెలకు 5 వేలు. 2023 డిసెంబరులో ఆరు నెలల మొత్తం ఒకేసారి విడుదల చేసినప్పుడు 2,807 మందికి అందింది. ఒక్కొక్కరికి గరిష్ఠంగా 30 వేలు. నెలనెలా అద్దె కట్టాల్సినవాడికి ఆరు నెలలకోసారి డబ్బు రావడం మీద అప్పట్లోనే గొణుగుడు ఉండేది. 2024 ఎన్నికల్లో కూటమి ఆ సాయాన్ని 10 వేలు చేస్తామని మాటిచ్చింది. న్యాయశాఖ మంత్రి ఎన్ఎండీ ఫరూక్‌ది నంద్యాలే కావడంతో సీమ జూనియర్ల ఆశలు సహజంగానే ఆయన మీద ఎక్కువ.

ఇంతలో 2025 మే 20న రెండో తీర్పు వచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు లాయరుగా ప్రాక్టీస్ ఉండాలని చీఫ్ జస్టిస్ బీఆర్ గవాయ్ ధర్మాసనం చెప్పింది. 2002 నుంచి ఆ నిబంధన లేకపోవడంతో డిగ్రీ అయిపోగానే నేరుగా రాసేవాళ్లు. ఇకపై తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ రోజు నుంచి మూడేళ్లు లెక్కిస్తారు. పదేళ్ల అనుభవం ఉన్న అడ్వొకేట్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేసిన కాలాన్ని కూడా కలుపుతారు. అప్పటికే మొదలైన నియామకాలకు ఇది వర్తించదు.

కోర్టు చెప్పిన కారణం సరైనదే. ఒక్కరోజు కూడా కోర్టు హాలులో నిలబడనివాళ్లు మనుషుల ఆస్తులు, స్వేచ్ఛ మీద తీర్పులిస్తే ఇబ్బందులు వస్తున్నాయని హైకోర్టులే చెప్పాయి. కానీ ఖర్చు ఎవరి మీద పడుతోందో చూడాలి. డిగ్రీ కాగానే ఏడాదిపాటు గదిలో కూర్చుని చదివి జడ్జి ఉద్యోగం కొట్టడం పేదింటి పిల్లలకు ఉన్న దగ్గరి దారి. ముఖ్యంగా ఆడపిల్లలకు. ‘ఇంకో ఏడాది చూద్దాం’ అని ఇంట్లో ఒప్పించడం వేరు, ‘మూడేళ్లు జీతం లేకుండా కోర్టుకు పోతా, ఆ తర్వాత పరీక్ష రాస్తా’ అని ఒప్పించడం వేరు. మధ్యలో పెళ్లి మాట వస్తుంది. ఎన్‌రోల్‌మెంట్‌లో మిగిలిన వేలు ఈ మూడేళ్ల అద్దెలో ఒకటి రెండు నెలలకు కూడా రావు. స్టైపెండ్ విషయం తేల్చకుండా ప్రాక్టీస్ నిబంధన ఒక్కటే అమలు చేస్తే, తండ్రి లాయరైన ఇంటి పిల్లలకే దారి సాఫీగా ఉంటుంది.

కర్నూలుకు ఇది మరీ బాగా తెలిసిన సంగతి. పక్కనున్న పెద్దపాడులో 1921లో దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసులో పనిచేసుకుంటూ లా చదివి, 1950లో లాయరుగా పేరు నమోదు చేయించుకున్నారు. పదేళ్లు తిరిగేసరికి దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఉన్నది ఆయన పేరే. ఆయన పుట్టిన జిల్లాలోనూ ఒక లా యూనివర్సిటీ కోసం 2024 మార్చిలో జగన్నాథగట్టు దగ్గర శంకుస్థాపన జరిగింది.

నోటరీ ముద్రకు పదేళ్లు.. మరి దాని విలువెంత?

లాయరు కావడానికి ఇన్ని మెట్లుంటే, నోటరీ కావడానికి ఇంకా పెద్ద మెట్టుంది. 1952 నాటి నోటరీల చట్టం, 1956 నాటి నిబంధనల ప్రకారం పదేళ్ల ప్రాక్టీస్ ఉన్న లాయరే దరఖాస్తు చేసుకోవాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఏడేళ్లు చాలు. కేంద్రం, రాష్ట్రం రెండూ నోటరీలను నియమిస్తాయి. సర్టిఫికెట్ ఐదేళ్లకే పనిచేస్తుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. ఏ ప్రాంతంలో పనిచేయాలో అందులోనే ఉంటుంది. ముద్ర గుండ్రంగా, ఐదు సెంటీమీటర్ల వ్యాసంతో ఉండాలి. పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు అందులో కనపడాలి. చేసిన ప్రతి పనీ రిజిస్టర్‌లో ఎక్కాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, సంతకం పెట్టిన మనిషి నిజంగా ఆ మనిషేనని, తన ఎదుటే పెట్టాడని నోటరీ ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెబుతున్నట్టు. అంతవరకే! ఆ కాగితంలో రాసింది చట్టప్రకారం చెల్లుతుందని ఆయన హామీ ఇవ్వడం లేదు. ఈ తేడా తెలియకే సీమలో చాలా కుటుంబాలు మునుగుతున్నాయి.

పట్టణాల శివార్లలో రెండు సెంట్ల స్థలం, పల్లెల్లో డీకేటీ పట్టా భూమి.. అగ్రిమెంటు రాయించుకుని, నోటరీ ముద్ర వేయించుకుని, డబ్బు చేతిలో పెట్టేస్తారు. ‘నోటరీ అయింది కదా సార్’ అని ధీమా. కానీ వంద రూపాయల పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ ముద్రతో యాజమాన్యం మారదు. డీకేటీ భూమి సంగతి ఇంకా కష్టం. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం దాని అమ్మకాన్నే నిషేధించింది. 2023లో సవరణ చేసి, ఇరవై ఏళ్లు దాటిన అసలు పట్టాదారులకు హక్కులు ఇచ్చినా, అంతకుముందు నోటరీ కాగితాల మీద కొన్నవాళ్లకు అది దారి చూపలేదు. కొన్నాయన చనిపోయి, అమ్మినాయన పిల్లలు పొలం దగ్గరికొచ్చి నిలబడ్డప్పుడు గానీ ఆ కాగితం ఎంత పలచనో తెలియదు.

పెళ్లిళ్లు, విడాకుల విషయంలోనూ అంతే. స్టాంప్ పేపర్ మీద రాసుకుని నోటరీ చేయిస్తే విడిపోయినట్టే అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2024 అక్టోబరులో కేంద్ర న్యాయశాఖ దీనిమీద గట్టిగానే హెచ్చరించింది. పెళ్లి, విడాకుల పత్రాలు నోటరీ చేయడం వాళ్ల పని కాదని, చేస్తే దుష్ప్రవర్తన కింద తీసుకుంటామని మెమో ఇచ్చింది. విడాకులిచ్చేది కోర్టు మాత్రమే.

తప్పు చేసిన నోటరీ మీద నియమించిన ప్రభుత్వానికే ఫిర్యాదు చేయొచ్చు. విచారణ జరిపి పేరు తొలగించే అధికారం ఉంది. క్రిమినల్ కేసు మాత్రం సులభం కాదు. నోటరీగా చేసిన పనిపై నేరం మోపాలంటే ప్రభుత్వం అధికారమిచ్చిన అధికారి రాతపూర్వక ఫిర్యాదు కావాలని 13వ సెక్షన్ చెబుతోంది. కేంద్రం నియమించే నోటరీల దరఖాస్తులు, రెన్యువల్ కోసం 2024 సెప్టెంబరులో ఒక పోర్టల్ వచ్చింది.

దొంగ లాయర్ల బెడద కూడా ఇలాంటిదే. పేరు నమోదు లేకుండా కోర్టులో వాదిస్తే ఆరు నెలల దాకా జైలని అడ్వొకేట్స్ యాక్ట్ 45వ సెక్షన్‌లో ఉంది. డిగ్రీల తనిఖీని పర్యవేక్షించడానికి 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ దీపక్ గుప్తా నేతృత్వంలో కమిటీ వేసింది. తనిఖీకి యూనివర్సిటీలు ఫీజు అడగొద్దని కూడా ఆదేశించింది. కక్షిదారు చేయగలిగింది ఒకటుంది. వకాలత్ మీద సంతకం పెట్టే ముందు లాయరు ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగడం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడేవాళ్లే ఎక్కువ. ఆ నంబరు దాచుకోవాల్సింది కాదు, వకాలత్ మీద రాయాల్సిందే.

బెంచ్ వస్తే ఏం మారుతుంది?

1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని లేదా హైకోర్టు.. ఏదో ఒకటి సీమకు అన్నారు. కడప కోటిరెడ్డి కూడా అందులో సంతకం పెట్టినవారే. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. మూడేళ్లకు రాజధాని కూడా వెళ్లిపోయింది. మూడు రాజధానుల చట్టంతో ‘న్యాయ రాజధాని’ అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరు 21న కర్నూలులో హైకోర్టు బెంచ్ ఏర్పాటుకు అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానంతోనే బెంచ్ రాదు. హైకోర్టు సమ్మతి, కేంద్రం నిర్ణయం, రాష్ట్రపతి ఉత్తర్వు కావాలి.

సీమ కుర్రాళ్లకు ఇది సెంటిమెంట్ ఒక్కటే కాదు, ఉపాధి కూడా. జిల్లా కోర్టులో ఐదేళ్లు నలిగిన లాయరు రిట్ పిటిషన్ వేయాలంటే ఇవాళ ఫైలు అమరావతిలోని ఇంకో లాయరుకు అప్పగించాల్సిందే. కేసు తెచ్చింది ఇక్కడివాళ్లు, ఫీజు అక్కడికి. బెంచ్ కర్నూలులో ఉంటే ఆ పని ఇక్కడి ఆఫీసుల్లోనే జరుగుతుంది. జూనియర్ చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చే అవకాశం అందులోనే ఉంది. ప్రస్తుతానికి మాత్రం ఆదోని కక్షిదారు హైకోర్టు వాయిదాకు ముందురోజు రాత్రి బస్సెక్కుతున్నాడు.